నలభై ఒకటో జేబు

"పదిహేడు," అంది టోకెనమ్మ తలెత్తకుండా.

అవతలి చెయ్యి ఫోన్ని బల్ల మీద పెట్టింది గానీ వదల్లేదు. "ఒక్క నిమిషం ఆంటీ. తొంభై రెండు శాతం ఎక్కింది."

"ఎక్కింది చాల్లే. ఇలా తే."

"మధ్యలో ఆపేస్తే మళ్ళీ మొదట్నుంచీ ఎక్కించాలి ఆంటీ. ఎంత డేటా దండగో తెలుసా."

టోకెనమ్మ ఆ ఫోన్ని కత్తిరింపు విభాగం కుర్రాడి వేళ్ళ కిందనుంచి లాగి, పక్క మీట నొక్కి తెర ఆర్పి, వెనక గోడకున్న పదిహేడో జేబులో పడేసింది. బదులుగా పదిహేడు అంకె కొట్టిన రేకు బిళ్ళ ఒకటి బల్ల మీదికి తోసింది. నిమిషం ఆగితే ఆవిడ సొమ్మేం పోదు. అయినా ఆగలేదు. ఏడాదిగా ఆ కిటికీ దగ్గర ఎవరి కోసమూ ఆగడం మానేసింది.

ఎనిమిదింపావు నుంచి ఎనిమిదిన్నర దాకా ఆ కిటికీ ముందు జరిగేది చూస్తే, వీళ్ళంతా దేశాలు పట్టిపోతున్నారేమో అనుకోవాలి. ఒకమ్మాయి చివరి సందేశం పంపి, అవతలివాళ్ళు చూసినట్టు గుర్తు పడేదాకా కాలు కదపదు. ఒకడు నిన్న పెట్టిన వీడియోకి ఎన్ని లైకులొచ్చాయో చూసుకుని మొహం మాడ్చుకుంటాడు. ఇంకో అమ్మాయికి రెండు సిమ్ములు, అన్నయ్యకి తెలిసినదొకటి, తెలియనిదొకటి. సాయంత్రం గేటు దగ్గర ఫోన్ అన్నయ్య చేతికి పోతుంది కాబట్టి, తెలియనిదాన్ని ముందే పీకి జడ రబ్బరులో దోపుకుంటుంది. లోపల తొమ్మిది గంటలు నెట్ లేకుండా ఉండాలంటే వాళ్ళకి ఊపిరి బిగబట్టినట్టే. "నెట్ లేకపోతే నేను ఉన్నట్టే ఉండదు ఆంటీ," అన్నాడు ఒకసారి ఇస్త్రీ విభాగం కుర్రాడు. ఉండకపోతే పీడా పోయె, అనుకుంది ఆవిడ మనసులో.

అది చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ. టోకెనమ్మ అక్కడ ఇరవై రెండేళ్ళు కాలర్లు కుట్టింది. చూపు మందగించి సూదిలో దారం ఎక్కించలేని రోజు వచ్చాక, ఈ కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. గోడకున్న ఆ నూట అరవై జేబుల దుప్పటి కూడా ఆవిడ కుట్టిందే, మిగిలిపోయిన ముతక గుడ్డతో, రెండేసి వరసల కుట్టు వేసి. రెండేళ్ళ కిందట ఎవడో కొత్త రకం చొక్కా తొడుక్కుని ఫొటో దిగి నెట్‌లో పెట్టాడు. ఆ చొక్కా దుకాణాలకి రావడానికి ఇంకా నాలుగు నెలలుంది. సరుకు తీసుకునేవాళ్ళు నిప్పులు చెరిగారు. ఆ మర్నాటి నుంచి ఎవరి ఫోనైనా ఇక్కడ ఇచ్చే లోపలికెళ్ళాలి. లోపల నెట్ వాడినట్టో పంచినట్టో తేలితే ఆ పూటే పనిలోంచి తీసేసి ఇంటికి పంపించేస్తారు.

ఇక కుర్రకారు తెలివి చూడాలి. సిమ్ము లేని డొక్కు ఫోనొకటి నడుముకి దోపుకుని లోపలికి పోతారు. మంచి ఫోన్ని మాత్రం బుద్ధిగా టోకెనమ్మ చేతిలో పెడతారు, హాట్‌స్పాట్ వెలిగించి మరీ. గోడకి ఇటు జేబులో ఉన్న ఫోన్ అటు దాచుకున్న ఫోన్‌కి నెట్ పంచుతూ ఉంటుంది. చూసే కంటికి ఏమీ తెలియదు. కానీ అలా గంటల తరబడి పంచే ఫోన్ ఒళ్ళు కాలుతుందన్న సంగతి వాళ్ళు మర్చిపోతారు. టోకెనమ్మ మర్చిపోదు. భోజనాలకి ముందొకసారీ తరవాతొకసారీ జేబు జేబుకీ అరచెయ్యి ఆనిస్తూ పోతుంది, జ్వరమొచ్చిన పిల్లల నుదురు చూసినట్టు.

మొదట్లో వెచ్చగా తగిలినా ఎవరికీ చెప్పేది కాదు. సాయంత్రం ఇచ్చేటప్పుడు "నీ ఫోన్‌కి జ్వరం, చూసుకో" అనేది. వాళ్ళు నాలుక్కరుచుకునేవారు. అంతటితో సరిపోయేది. ఏడాది కిందట తన వీడియో నెట్‌లోకి వచ్చాక మాత్రం తొమ్మిది మందిని పట్టించింది. తొమ్మిది మందీ ఏడుస్తూనే పోయారు. ఆ వీడియో తీసినవాళ్ళు వాళ్ళలో ఎవరూ కారని ఆవిడకి తెలుసు. అయితేనేం, చూసి నవ్వారు కదా.

ఆ వీడియో పంతొమ్మిది సెకన్లు. అందులో లావుపాటి మనిషి ఒకావిడ నీళ్ళ గది గోడ వైపు తిరిగి, ఫోన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుని, "నన్ను క్షమించవే బుజ్జీ, నేను మనిషిని కాదే, క్షమించవే" అని భోరుమంటూ ఉంటుంది. ఫోన్‌లోంచి సన్నగా ఓ గొంతు, "అక్కా, నాకు గోడ కనిపిస్తోందే" అంటుంది. వెనక కెమెరా తెరుచుకుందని ఆవిడకి తెలియదు. గోడకే క్షమాపణలు చెప్పుకుంటూ పోతుంది. చివర్లో తీస్తున్న మనిషి నవ్వు, రెండు సార్లు ముక్కుతో, తరవాత వెక్కిళ్ళు వచ్చినట్టు. ఎవడో దానికి డప్పు వాయింపు తగిలించాడు. వారం తిరిగేసరికి లక్షల మంది చూశారు. కిటికీ దగ్గర ఫోనిస్తూ "క్షమించవే ఆంటీ" అనడం ఆనవాయితీ అయిపోయింది.

బుజ్జి ఆవిడ చెల్లెలు. పద్నాలుగేళ్ళు ఇద్దరికీ మాటల్లేవు. తప్పు టోకెనమ్మదే, అది ఆవిడా కాదనదు. బుజ్జి ఇంట్లో చెప్పకుండా పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. తల్లి మంచాన పడితే ఎత్తిందీ కడిగిందీ పెద్దది. ఆఖరి రోజుల్లో తల్లి "బుజ్జీ, బుజ్జీ" అని కలవరించింది. పెద్దదానికి ఒళ్ళు మండింది. చేసేది నేనూ, తలుచుకునేది దాన్నా అని కబురు పెట్టలేదు. అంతా అయిపోయిన మూడో రోజున చెప్పింది. బుజ్జి వచ్చి, ఖాళీ మంచం చూసి, "నీ కడుపు చల్లబడిందా అక్కా" అని ఒక్క మాటని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ గొంతు వినడానికి పద్నాలుగేళ్ళు పట్టింది. నంబరు సంపాదించడానికి ఆరు నెలలు తిరిగింది, మొదటి మాట అనడానికి, సాయంత్రం అందరి ఫోన్లూ తిరిగిచ్చేశాక, ఫ్యాక్టరీ ఆవరణలో ఎవరూ రారనుకున్న ఒకే ఒక్క మూలని వెతుక్కుంది. అదిగో, ఆ పంతొమ్మిది సెకన్లు ఊరు మీద పడ్డాయి.

తరవాత బుజ్జి ఒక్కసారే ఫోన్ చేసింది. "మా మరిది పిల్లలు భోజనాల దగ్గర పెట్టుకుని నవ్వుతున్నారు. నా పేరు పెట్టి పిలుస్తున్నారు. అమ్మ పోయినప్పుడూ నీ పంతమే నీకు, ఇప్పుడూ నలుగురూ చూడాలనే నీకు." టోకెనమ్మ నోరు తెరిచేలోపే పెట్టేసింది. ఆ తరవాత ఆ నంబరు మోగలేదు. కడుపులో ఆనాడు రాజుకున్న నిప్పు ఆరకుండా ఆవిడే చూసుకుంటూ వచ్చింది.

కెమెరా తిప్పడం రాని మనిషి కసికొద్దీ అన్నీ నేర్చుకుంది. పెద్ద ప్యాక్ వేయించుకుంది. "ఒక వీడియో మొదట ఎవరు పెట్టారో ఎలా తెలుస్తుంది నాయనా?" అని కుర్రాళ్ళనే అడిగింది, వెర్రిబాగులదానిలా మొహం పెట్టి. వాళ్ళు మురిసిపోయి నేర్పారు. వెతుక్కుంటూ పోతే చివరికి పిల్లి బొమ్మ ఉన్న ఖాతా ఒకటి తేలింది, పేరూ ఊరూ లేనిది. ఇంక మిగిలింది ఆ నవ్వు. దాన్ని ఎన్ని వందల సార్లు విందో లెక్కలేదు. మూడు నెలల కిందట వరసలో ఎవరో జోకు వేస్తే అదే నవ్వు వినిపించింది. రెండు సార్లు ముక్కుతో, తరవాత వెక్కిళ్ళు. తలెత్తి చూసింది. బొత్తాల విభాగం పిల్ల, నలభై ఒకటో టోకెను. ఇరవై ఏళ్ళుంటాయి. పై పళ్ళ మధ్య సందు, బూట్లలో ఒకదానికి నల్ల లేసు, ఇంకోదానికి తెల్ల లేసు.

అడగలేదు. అడిగితే జాగ్రత్తపడుతుంది, నేను కాదంటుంది. పట్టుబడాలి, నలుగురి ముందూ తలొంచుకోవాలి, ఏడుస్తూ గేటు దాటాలి. అందుకే మూడు నెలలూ ఆ పిల్ల పొద్దున్నే "గుడ్ మార్నింగ్ ఆంటీ" అంటే, టోకెనమ్మ కూడా పళ్ళికిలించి బిళ్ళ అందించింది. ఇంటికెళ్ళాక దవడలు నొప్పి పుట్టేవి.

ఇవాళ ఆ పిల్ల వరసలో ఆఖరున వచ్చింది. ఫోన్ చేతికివ్వకుండా, "నేను పెడతాను ఆంటీ" అని తనే కిటికీలోంచి బాగా లోపలికి వంగి నలభై ఒకటో జేబులో పెట్టింది, అద్దాల సామాను దించినంత మెల్లిగా. పెట్టాక ఒకసారి తడిమి చూసుకుంది. టోకెనమ్మ అదంతా ఓరకంట చూసింది.

తలుపులు పడ్డాయి. లోపల మిషన్లు మొదలయ్యాయి. ఆవిడ కిటికీ రెక్క దగ్గరికి లాక్కుని, చినిగిన జేబొకటి విప్పి, సూది పైకెత్తి వెలుతురుకి పట్టి, ఏడో సారికి దారం ఎక్కించింది. జేబుల్లో ఫోన్లు ఒకదాని తరవాత ఒకటి గుర్రుమంటున్నాయి. ఏ ఫోన్ ఏ వేళకి గుర్రుమంటుందో ఆవిడకి కంఠతా వచ్చు. పదిన్నరకి జడ రబ్బరు పిల్ల అన్నయ్య. పదకొండుకి ఎవరి బ్యాంకో. తన ఫోన్ ఒళ్ళోనే ఉంటుంది, నోరు నొక్కినట్టు. మధ్యాహ్నం ముందు చెయ్యి ఆనించి చూస్తే అన్నీ చల్లగానే ఉన్నాయి. పన్నెండున్నరకి డబ్బా విప్పి అన్నం తింది. ఒంటిగంట దాటాక మళ్ళీ లేచింది.

ముప్పై ఎనిమిది చల్లగా ఉంది. ముప్పై తొమ్మిది, నలభై అంతే. నలభై ఒకటి చుర్రుమంది.

చెయ్యి తీసి, చీరకి తుడుచుకుని, మళ్ళీ పెట్టింది. అనుమానం లేదు. జేబులోంచి బయటికి లాగి పక్క మీట నొక్కితే తెర మీద హాట్‌స్పాట్ గుర్తు, దాని కింద ఒక పరికరం కలిసి ఉందన్న అక్షరాలు. టోకెనమ్మకి సంతోషమైంది. దాపరికమెందుకు, పచ్చి సంతోషం. ఇన్నాళ్ళకి ఒక పూట ఆవిడది అయింది. ఫోన్ని ఉన్నది ఉన్నట్టు తిరిగి జేబులో పెట్టింది. ఇన్‌చార్జి భోజనం చేసి కునుకు తీస్తున్నాడు, రెండయితే గానీ రాడు. లేపొచ్చు, లేపలేదు. ఈ ముప్పావుగంట తనకి కావాలి. కుర్చీలో కూర్చుని, ఏడాదిగా కూడబెట్టుకున్న మాటలన్నీ ఒక్కొక్కటే లోపలే అని చూసుకుంది. నీకూ ఓ అక్కో చెల్లో ఉంటే తెలిసేది. నా చెల్లెల్ని నాకు లేకుండా చేశావు, నీ తిండి నీకు లేకుండా చేస్తున్నా, చెల్లుకి చెల్లు. అన్నిట్లోకీ అది బాగుందనిపించింది. దాన్ని ఆఖరికి ఉంచుకుంది.

రెండూ ఐదుకి ఇన్‌చార్జి కళ్ళు నులుముకుంటూ వచ్చాడు. చూశాడు, నిట్టూర్చాడు, మనిషిని పంపి నలభై ఒకటిని పిలిపించాడు. పిల్ల వచ్చింది. బల్ల మీద తన ఫోన్ కనిపించగానే విషయం అర్థమైపోయింది.

"లోపల ఎవరికిచ్చావమ్మా?"

"ఎవరికీ లేదు సార్."

"మరి ఒకటి కలిసి ఉందని చూపిస్తోందేంటి, దెయ్యమా?"

పిల్ల వంగి తెల్ల లేసు బిగించుకుంది.

"పేరు చెప్తే వారం రోజులు ఆపి మళ్ళీ రానిస్తా. లేదంటే ఇంటికే. తరవాత నీ ఇష్టం."

"ఇంటికే వెళ్తాను సార్."

ఇన్‌చార్జి ఇంకోసారి అడిగాడు. ఆ పిల్ల అదే మాటంది. ఆయన కాగితం తేవడానికి తన గదిలోకి వెళ్ళాడు. కిటికీ దగ్గర ఇద్దరే మిగిలారు. టోకెనమ్మ చూస్తూనే ఉంది, ఎప్పుడు ఏడుస్తుందా అని.

"టైమెంతైంది ఆంటీ?" అడిగింది పిల్ల.

"రెండూ పది."

"అయితే వెళ్ళిపోయుంటుంది." పిల్ల మొహం కాస్త తేటబడింది. "లోపలొకళ్ళు కాలేజీకి ఫారం పంపాలి ఆంటీ, రెండింటితో ఆఖరు. దాని ఫోన్‌లో సిమ్ము లేదు. మార్కుల కాగితాలు, ఫొటోలు, చాలా ఉన్నాయి. ఇవాళ్టి నా నెట్ అంతా దానికే పెట్టుకున్నా."

టోకెనమ్మకి ఒళ్ళు ఉడికిపోయింది. ఈ మంచితనం ఆవిడకి అక్కర్లేదు. ఇప్పుడిది మంచిది కావడానికి వీల్లేదు.

"నీళ్ళ గది దగ్గర నన్ను వీడియో తీసింది నువ్వేనా?"

పిల్ల కాసేపు ఆలోచించింది. నిజంగానే గుర్తు తెచ్చుకోవాల్సి వచ్చింది దానికి. "అదా. నేనే ఆంటీ."

"ఎందుకు తీశావు?"

"ఊరికే తీశాను ఆంటీ."

"ఊరికే నెట్‌లో పెడతారా?"

"ఆ రోజు కొంచెం డేటా మిగిలిపోయింది ఆంటీ. రాత్రి పన్నెండు దాటితే పోతుంది కదా. పోనివ్వడమెందుకని ఫోన్‌లో ఉన్నవి నాలుగు ఎక్కించాను. మిగతా మూడూ ఎవరూ చూడలేదు."

"మిగతా మూడేంటి?"

"ఒకటి మా మేడ మీద పిల్లిది. ఒకటి వాన పడుతుంటే తీసింది. ఇంకోటి గుర్తులేదు."

పగవాడు దొరికాడనుకుంటే అక్కడ పగే లేదు. బుజ్జి గొంతు, పద్నాలుగేళ్ళు, తల్లి మంచం, అన్నీ కలిపి ఓ పిల్లి పక్కన, ఓ వాన పక్కన, పారబొయ్యడమెందుకని పెట్టిన నాలుగింట్లో ఒకటి. దీనికంటే ఆ పిల్ల కావాలని చేసి ఉంటే ఎంతో బాగుండేది. అప్పుడు తిట్టడానికి మనిషంటూ ఉండేది.

"అందులో మాట్లాడింది మా చెల్లెలు," అంది. "పద్నాలుగేళ్ళ తరవాత మాట్లాడింది."

"అవునా ఆంటీ." పిల్ల ఇప్పుడు సూటిగా చూసింది. "తరవాత కలిశారా?"

"లేదు. అది చూసి మాట్లాడ్డం మానేసింది."

పిల్ల అటూ ఇటూ చూసి మెల్లిగా అంది. "నాకెవరూ చెప్పలేదు ఆంటీ. మీరూ చూసి నవ్వుకుని ఉంటారనుకున్నా. ఒక్క మాట అడిగితే ఆ రోజే తీసేసేదాన్ని."

మూడు నెలలు. డెబ్భైకి పైగా పొద్దుటి పూటలు ఆ పిల్ల ఇదే కిటికీ ముందు నిలబడింది.

"ఉండండి, ఇప్పుడే తీసేస్తా." ఆ పిల్ల ఫోనందుకుంది. వేలు పెడితే తెర పలకలేదు. చూపుడు వేలికి రబ్బరు తొడుగుంది, బొత్తాలు కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా ఆ విభాగం వాళ్ళు వేసుకునేది. దాన్ని పళ్ళతో పట్టి లాగి బల్ల మీద పెట్టి, మళ్ళీ నొక్కింది. తెర మధ్య చిన్న చక్రం తిరుగుతూ ఉండిపోయింది. ఇద్దరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. కాసేపటికి పిల్ల తలెత్తింది.

"నెట్ అయిపోయింది ఆంటీ. ఫారానికే సరిపోయినట్టుంది. పన్నెండు దాటాక వస్తుంది, రాగానే తీసేస్తాను. మర్చిపోను."

నా ఫోన్‌లో నెట్ ఉంది, ఇందులోంచి తీయి, అనాలి టోకెనమ్మ. ఒళ్ళోనే ఉంది ఫోన్, పెద్ద ప్యాక్, చేతికందే దూరం. దీని దగ్గర నేను పుచ్చుకోవడమేంటి అనిపించింది. ఆ అనిపించడం ఆవిడకి కొత్తది కాదు, తల్లి మంచం పక్కన కూడా సరిగ్గా ఇలాగే అనిపించింది. ఒళ్ళోని ఫోన్ మీదికి కొంగు లాక్కుంది.

ఇన్‌చార్జి కాగితం పట్టుకొచ్చాడు. పిల్ల చదవకుండానే సంతకం పెట్టింది, టోకెను బిళ్ళ తీసిచ్చింది, ఫోన్ సంచిలో వేసుకుంది. "వెళ్ళొస్తా ఆంటీ," అంది. నల్ల లేసు బూటూ తెల్ల లేసు బూటూ ఆవరణ దాటి, నీళ్ళ గది మూల మీదుగా గేటు దాకా మామూలుగానే నడిచాయి. ఆ పిల్ల ఏడవలేదు. కాపలా మనిషి గేటు తీసి మళ్ళీ వేశాడు.

"నలభై ఒకటి ఖాళీ అని రాయండమ్మా," అన్నాడు ఇన్‌చార్జి. "మీరు లేకపోతే వీళ్ళని పట్టుకోవడం మా వల్ల కాదు."

ఆవిడ రాసింది. ఆఖరికని దాచుకున్న మాట నోట్లోనే ఉండిపోయింది, దాన్ని అనడానికి ఎదురుగా ఎవరూ లేరు. లోపల మిషన్లు ఆగకుండా నడుస్తున్నాయి. పెన్ను పక్కన పెట్టబోతే చేతికి మెత్తగా ఏదో తగిలింది.

నీలం రంగు రబ్బరు తొడుగు, బొత్తాలు ఒత్తి ఒత్తి కొస పలచబడింది, ఒక పక్కన పంటి గాటు పడింది, లోపల వేలు లేకపోయినా వేలు ఉన్నట్టే కాస్త వంగి బల్ల మీద నిలబడి ఉంది.